కెప్టెన్ పార్ట్రిడ్జ్ విడిచిపోయిన కాగితములు



ఎవరి స్మృత్యర్థము ఈ యుపన్యాసములు జరుగుచున్నవో ఆ పంతులుగారు, ఇతరులు అటకలపై మరచిపోయిన యుత్తరములను, కరణముల లెక్కలను, బడిపంతుళ్ళ నోటుపుస్తకములను అడిగి తెచ్చి, చెదలు పట్టకుండ కాపాడి, గ్రంథాలయమునకు చేర్చుటయే వ్రతముగా పెట్టుకొన్నవారు. అట్టివారి పేర జరుగు సభలో ఒక్క మనుష్యుని సొంత కాగితములను గురించి ప్రసంగించుట ఉచితముగా నుండునని తలచితిని. ఆ కాగితములు మన దేశమునందలివి కావు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో, ఈశాన్యపు మూలనున్న వెర్మాంట్ అను చిన్న రాష్ట్రమున, నార్త్‌ఫీల్డ్ అను ఊరిలోని నార్విచ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమందు అవి భద్రముగా నున్నవి. వానిని విడిచిపోయినవాడు కెప్టెన్ ఆల్డెన్ పార్ట్రిడ్జ్. సైనికవిద్య నేర్పుటయందే నలువదియేండ్లకు పైగా గడపి, ఒక్క యుద్ధమునందైనను పాల్గొనక, 1854లో మరణించిన యుపాధ్యాయుడు. పరదేశపు సైనికోపాధ్యాయుని కథ మనకెందులకని కొందరికి తోచవచ్చును. ఆ కథ చుట్టుతిరిగి మన రాజేంద్రనగరపు పొలములవరకు వచ్చును గావున ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాను.

పార్ట్రిడ్జ్ 1785 ఫిబ్రవరి 12వ తేదీన, కనెక్టికట్ నదికి పడమటి యొడ్డుననున్న నార్విచ్ గ్రామమున, స్వాతంత్ర్యయుద్ధములో పోరాడివచ్చిన యొక రైతునకు కుమారుడుగా జన్మించెను. నదికి ఆవలియొడ్డున హానోవర్ పట్టణము. అచ్చట డార్ట్‌మత్ కళాశాల. 1802లో ఆ కళాశాలయందు చేరి, పట్టము పుచ్చుకొనకయే, 1805 డిసెంబరులో హడ్సన్ నదీతీరముననున్న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమునకు వెడలిపోయెను. ఆనాటి వెస్ట్ పాయింట్ నేటి కీర్తిగల విద్యాలయము కాదు. 1802లో స్థాపితమై, తొలి పదిపండ్రెండేండ్లును నియతమైన తరగతులుగాని నిశ్చితమైన పాఠ్యకాలముగాని లేక, వచ్చినవారిని వచ్చినప్పుడు చేర్చుకొని, చాలునని తోచినప్పుడు సైన్యమునకు పంపుచు ఎట్లో నడచినది. 1805 డిసెంబరులో చేరిన పార్ట్రిడ్జ్ 1806 అక్టోబరు 30వ తేదీకే ఇంజనీరు దళమున లెఫ్టినెంటు కాగలుగుటయే ఇందులకు నిదర్శనము. లెఫ్టినెంటైన పిదప అతనిని అచ్చటనే బోధనకు నిలిపిరి. గణితాచార్యుడై, 1813లో ఇంజనీరింగు ఆచార్యుడై, 1815 ఆరంభమున విద్యాలయమునకు సూపరింటెండెంటు అయ్యెను. ఆంగ్లేయులతో 1812లో మొదలైన యుద్ధము జరిగినంతకాలమును అతడు నల్లబల్లయెదుటనే నిలిచియుండెను. ఈ విషయమును శత్రువులు అతనిపై పలుమారు ఎత్తిపొడిచిరి.

ఇక కలహము. దీనిని సంక్షేపముగా చెప్పెదను, ఏలయన చరిత్రగ్రంథములలో పార్ట్రిడ్జ్‌ను గురించి విస్తరముగా వ్రాయబడినది ఈ యొక్కటియే. తోటి ఆచార్యులతో అతనికి పొసగలేదు. వారి సలహాను లెక్కచేయడనియు, సమస్తమును తన చేతిలోనే పెట్టుకొనుననియు, నచ్చిన విద్యార్థులకు ఒక నీతి, నచ్చనివారికి ఒక నీతి యనియు వారి యారోపణము. 1817 జూన్‌లో అధ్యక్షుడు మన్రో వెస్ట్ పాయింట్‌కు వచ్చినపుడు వారు ఆ మాటలనే విన్నవించుకొనగా, పార్ట్రిడ్జ్ స్థానమున సిల్వేనస్ థేయర్‌ను నియమించుచు ఉత్తరువు వెలువడెను. ఈ థేయర్‌కూడ 1785లోనే పుట్టినవాడు. అతడును డార్ట్‌మత్‌లో చదివి వెస్ట్ పాయింట్‌కు వచ్చినవాడే. యూరపునకు పోయి, ఫ్రాన్సు దేశపు సైనిక విద్యాలయములను పరిశీలించి, గ్రంథములు కొనితెచ్చిన దిట్ట. జూలై 28వ తేదీన థేయర్ పదవి స్వీకరించెను. సెలవుపై నుండిన పార్ట్రిడ్జ్ ఆగస్టు చివర తిరిగివచ్చి, తానే అధికారినని ప్రకటించి, విద్యార్థుల జయధ్వానములనడుమ అధికారమును మరల చేతికి తీసికొనెను. థేయర్ మారుపలుకక న్యూయార్కునకు వెడలిపోయెను. కొలదిదినములలో పైయధికారుల యుత్తరువు వచ్చెను. పార్ట్రిడ్జ్ నిర్బంధింపబడి సైనిక న్యాయస్థానమున విచారింపబడెను. దుష్పరిపాలన యను నేరములు చాలవరకు నిలువలేదుగాని ఆజ్ఞోల్లంఘనము, తిరుగుబాటు అను నేరములు స్థిరపడెను. ఉద్యోగమునుండి తొలగింపవలసినదని తీర్పు. పూర్వసేవను తలచి అధ్యక్షుడు శిక్షను రద్దుచేసెను. 1818 ఏప్రిలులో పార్ట్రిడ్జ్ రాజీనామా ఇచ్చి స్వగ్రామమునకు మరలెను.

ప్రభుత్వపు దస్త్రములనుబట్టి పార్ట్రిడ్జ్ యనగా ఇంతే. థేయర్ వెస్ట్ పాయింట్‌కు పితృతుల్యుడై శిలావిగ్రహముగా నిలిచెను. పార్ట్రిడ్జ్ అతని మార్గమునకు అడ్డుపడిన మొండివానిగా ఒక యధోజ్ఞాపికలోనికి జారిపోయెను. ప్రభుత్వ దస్త్రము అబద్ధము చెప్పినదని నేననను. సాక్షులు చెప్పినదే వ్రాసినది. కాని దస్త్రమునకు మనుష్యుడు కనబడునది అతడు కార్యాలయమునకు చిక్కు తెచ్చిపెట్టిన దినమున మాత్రమే. ముప్పదిమంది బాలురకు ఒకానొక ఉదయమున రేఖాగణితము బోధపడిన దినమున ఏ గుమాస్తాయు కలము పట్టడు. ఉపాధ్యాయుని జీవితములో తొమ్మిదిపాళ్ళు అట్టి దినములే గావున, అధికారపత్రములను మాత్రమే నమ్మి ఉపాధ్యాయచరిత్రలు వ్రాసినచో, వ్యాజ్యములు, బదిలీలు, తగవులు మాత్రమే మిగులును, బోధన మిగులదు.

అందువలననే నార్విచ్ కాగితములు విలువైనవి. అందులో ఉత్తరములు కలవు, ఉపన్యాసముల చిత్తుప్రతులు కలవు, కాలినడక యాత్రల దినచర్యలు, కొండల యెత్తులను లెక్కించిన పట్టికలు, విద్యాలయపు జమాఖర్చులు కలవు. విద్యార్థుల తండ్రులు వ్రాసిన జాబులు కలవు. ఇన్ని విధములైన కాగితములను ఒక్కడు దాచుట అరుదు. అతడేల దాచెనను ప్రశ్నకు నాకు తోచు సమాధానము కొంత కఠినమైనది. పార్ట్రిడ్జ్ తనకన్యాయము జరిగినదని తుదిశ్వాసవరకు నమ్మినవాడు. ఏనాటికైనను తన పక్షము రుజువుచేయవలెనని తలచినవాడు. వ్యాజ్యదారుడు రసీదులను పోగొట్టుకొనడు. కావున ఈ కాగితములలో వెస్ట్ పాయింట్ తగవునకు సంబంధించిన భాగమును చదువునపుడు మిక్కిలి మెలకువ వలయును. అది చరిత్ర కాదు. చరిత్రయను న్యాయాధిపతియెదుట ఒక కక్షిదారుడు సిద్ధపరచుకొన్న సాక్ష్యము. అతనిపై జాలి కలిగిన పాఠకుడు ఆ భాగములో సులభముగా మోసపోవును. మోసపుచ్చని భాగము వేరొకటి కలదు. ఎవ్వరికిని రుజువుచేయుటకు వ్రాయనిది, ఆనాటి యవసరముకొరకు గీచి ప్రక్కనబెట్టినది, కొండలెక్కునపుడు గుర్తించుకొన్న అంకెలు, బట్టలకును బూట్లకును కట్టిన లెక్కలు. అచ్చట మనుష్యుడు తన్ను తాను మరచి పనిలో నుండెను.

మొదట కొండల లెక్కలను గురించి చెప్పనిండు. పార్ట్రిడ్జ్ అసాధారణమైన నడకగాడు. ఏండ్ల తరబడి, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములలోని పెక్కు కొండలను, ఒంటరిగాను పిదప విద్యార్థులతోను, వీపున మూటతో, చేత పాదరసపు భారమితితో ఎక్కి దిగెను. దినమునకు ముప్పది నలువది మైళ్ళు నడచుట అతనికి వాడుక. పాదరసపు భారమితిని మోసికొని కొండయెక్కుట యెంత కష్టమో నేటివారికి చెప్పిన గాని తెలియదు. గజముపొడవునకు కొంచెము తక్కువైన గాజుగొట్టము, దానినిండ పాదరసము, ఎక్కడనో రాతికి తగిలినచో పగులును, ఒక్క గాలిబుడగ లోనికి చొరబడినచో అంకెలన్నియు తప్పును. సముద్రమట్టమున సుమారు ముప్పది అంగుళముల యెత్తున నిలుచు పాదరసము, వేయి అడుగులు ఎక్కునప్పటికి ఇంచుమించు ఒక అంగుళము దిగును. కనుక అంగుళములో పదవవంతు పొరపాటు పడినచో కొండ యెత్తులో నూరడుగుల తేడా వచ్చును. గాలియొత్తిడి వాతావరణమునుబట్టికూడ మారుచుండును గావున కొండకొమ్మున ఒకరు, అడుగున ఒకరు ఒకే వేళకు చూచుట మేలు. పాదరసము వేడికి వ్యాకోచించును గావున ఉష్ణమాపకమునుకూడ చూడవలెను. గాలి వేడినిబట్టి మరియొక దిద్దుబాటు. ఇన్నియు చేసిన పిదప సంవర్గమానముల పట్టికను ముందిడుకొని గుణించి భాగించి కూడి తీసివేసిన గాని, వెర్మాంట్‌లోకెల్ల యెత్తైన మాన్స్‌ఫీల్డ్ శిఖరముగాని, న్యూ హాంప్‌షైర్‌లోని మౌంట్ వాషింగ్టన్‌గాని యెన్ని యడుగులో తేలదు.

ఈ పట్టికలను శాస్త్రపరిశోధనగా మాత్రమే చూచినచో గొప్ప లేదు. తరువాతి సర్వేలు అంతకంటె సూక్ష్మమైన అంకెలను ఇచ్చినవి. నేను వీనిని పాఠప్రణాళికగా చూచుచున్నాను. ఒక కొండపై ఒక పగటిపూటలో విద్యార్థి భౌతికశాస్త్రమును, త్రికోణమితిని, సంవర్గమానములను, ఓర్పును, తోటివాని లెక్కను నమ్ముటను, తన లెక్కను మరల సరిచూచుకొనుటను నేర్చుకొనెను. అవి వేరువేరు గంటలలో వేరువేరు ఆచార్యులు చెప్పు విషయములుగా అతనికి తోచలేదు. ఎక్కిన కొండకు యెత్తు కావలసియున్నది. ఆ యెత్తునకు ఇన్ని కావలసివచ్చినవి. గురువును ఎదుట నడచుచున్నాడు, అలసియున్నాడు, తప్పుచేసినచో తానును దిద్దుకొనుచున్నాడు. వెస్ట్ పాయింట్ ఆచార్యులు ఇతనిని సమస్తమును తన చేతిలో పెట్టుకొనువాడని నిందించిరి కదా. ఆ నింద సత్యమే. తరగతిగదిలోను కార్యాలయములోను దోషమైన ఆ స్వభావమే కొండమీద గుణమయ్యెను. ఒకే మనుష్యుని యొకే స్వభావము రెండుచోట్ల రెండుగా ఫలించుట ఈ కాగితములలో కనబడునంత స్పష్టముగా నేను వేరొకచోట చూడలేదు.

రాజీనామా ఇచ్చిన పిదప ఇంగ్లండుతో జరిగిన ఘెంట్ సంధినిబట్టి తలపెట్టిన ఈశాన్య సరిహద్దు సర్వేలో 1819లో కొంతకాలము పనిచేసి, దానిని విడిచి, అదే సంవత్సరమున స్వగ్రామములో “అమెరికన్ లిటరరీ, సైంటిఫిక్ అండ్ మిలిటరీ అకాడమీ” అను పేర ఒక విద్యాలయమును స్థాపించెను. 1820 సెప్టెంబరులో పాఠములు మొదలైనవి. ఆ పేరులోని విశేషణముల వరుసను గమనింపుడు: సాహిత్యము మొదట, శాస్త్రము తరువాత, సైనికవిద్య తుదకు. అతడు వ్రాసిన విద్యావిషయకోపన్యాసమొకటి అచ్చుపడి మిగిలినది. అందలి విమర్శ నేటికిని వేడి తగ్గనిది. ఆనాటి కళాశాలలు పుస్తకమును నేర్పుచున్నవిగాని పనిని నేర్పుటలేదు. దేహమును పూర్తిగా విడిచిపెట్టినవి. పాఠములులేని గంటలను ఊరక వదలివేయుటచే పిల్లలు చెడుచున్నారు. ధనవంతుల పిల్లల చేతికి తండ్రులు అపరిమితముగా ధనమిచ్చి పాడుచేయుచున్నారు. చురుకైనవాడును మందమతియును ఒకే తరగతిలో ఒకే యేడు కూర్చుండి తీరవలెనను నియమము ఇద్దరికిని అన్యాయము. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రజలే రాజులైన దేశములో పౌరుడు తెలియవలసిన రాజ్యాంగమును, అర్థశాస్త్రమును, సేద్యమును, రక్షణవిధానమును ఎవ్వరును చెప్పుటలేదు. ఈ మాటలను చదువునపుడు, మన కళాశాలలను గురించి ఎవరో నిన్న వ్రాసినట్లుండును.

తన విద్యాలయములో పార్ట్రిడ్జ్ ఈ మాటలను ఆచరణలో పెట్టెను. నిర్ణీతమైన నాలుగేండ్ల గడువు లేదు. శక్తియున్నవాడు త్వరగా ముగించును, నిదానముగా నడచువాడు నిదానముగనే నడచును. లాటిను, గ్రీకు, ఫ్రెంచి భాషలప్రక్కనే భూమికొలత, రోడ్లు, కాలువలు, వంతెనల నిర్మాణము. ఉదయమున కవాతు, మధ్యాహ్నమున ఖడ్గవిద్య, సెలవులలో దూరయాత్రలు. ప్రభుత్వ సంస్థకాని విద్యాలయమున సివిల్ ఇంజనీరింగు బోధన అమెరికాలో మొదలైనది ఇచ్చటనేయని చరిత్రకారులు చెప్పుదురు. 1826 డిసెంబరులో, చలికాలపు నడిమధ్యన, విద్యార్థుల బృందమొకటి వాషింగ్టన్ నగరమునకు యాత్రచేసి అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను దర్శించివచ్చెను. ఆ యాత్రావృత్తాంతము మరుసటి సంవత్సరమున చిన్నపుస్తకముగా వెలువడినది. ఇచ్చట చదివినవారిలో గిడియన్ వెల్స్ లింకన్ కాలమున నౌకాశాఖ మంత్రియయ్యెను. తరువాతి తరములో గ్రెన్‌విల్ డాడ్జ్ ఖండమును దాటిన యూనియన్ పసిఫిక్ రైలుమార్గమునకు ముఖ్య ఇంజనీరయ్యెను.

జమాఖర్చుల కాగితములను గురించి చరిత్రకారులు తరచుగా ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. నాకు అవియే ప్రియమైనవి. ప్రభుత్వధనము లేని విద్యాలయము కడుపు నింపుకొనుట యెట్లు? జీతము చెల్లింపని తండ్రి, కుమారుని బట్టలకు ఇంతయేలయని ప్రశ్నించు తండ్రి, వాని ఆరోగ్యమెట్లున్నదని మాత్రమే అడుగు తండ్రి. వీరందరికిని బదులు చెప్పవలసినవాడు సూపరింటెండెంటు. సైనికవిద్య యనిన వెంటనే మనకు కవాతును, తుపాకియు తోచును. ఈ కాగితములలో ఎక్కువగా కనబడునవి భోజనము, వసతి, కట్టెలు, కొవ్వొత్తులు, బూట్లు. పిల్లల చేతిలో డబ్బుంచరాదని ఉపన్యాసములో వాదించినవాడు, ఆ పిల్లల ఖర్చులకు తానే గుమాస్తాయై కూర్చుండవలసివచ్చెను. సిద్ధాంతమునకు వెల యెంతయో లెక్కలపుస్తకమే చెప్పగలదు.

1825లో, పెద్దపట్టణము, ఓడల రాకపోకలు, దాతల వాగ్దానములు చూచి విద్యాలయమును కనెక్టికట్‌లోని మిడిల్‌టౌన్‌కు మార్చెను. విద్యార్థులు పెరిగిరి. కాని పట్టములిచ్చు అధికారమును ఆ రాష్ట్ర శాసనసభ ప్రసాదింపలేదు. పట్టములేని చదువునకు ఎంతకాలము పిల్లలు వత్తురు? 1829లో నార్విచ్‌కు మరలివచ్చెను. విడిచివచ్చిన కట్టడములలో 1831లో వెస్లియన్ విశ్వవిద్యాలయము వెలసెను. 1834 నవంబరులో వెర్మాంట్ శాసనసభ నార్విచ్ విశ్వవిద్యాలయమునకు శాసనపత్రమిచ్చెను. అప్పటి శాసనసభలో పార్ట్రిడ్జ్‌కూడ సభ్యుడే.

ఈ మనుష్యుని యందు నాకు గల గౌరవము అతని దోషములను కప్పుటకు నన్ను ప్రేరేపింపదు. 1830లో “అమెరికనస్” అను మారుపేరుతో వెస్ట్ పాయింట్‌ను దుయ్యబట్టుచు ఒక కరపత్రము వెలువడెను; అది అతనిదేయని సాధారణముగా అంగీకరింపబడినది. అందులో మంచి వాదమొకటి కలదు: ప్రజాధనముతో కొందరిని మాత్రమే ఎన్నుకొని శిక్షణనిచ్చి, అధికారులపదవులన్నియు వారికే కట్టబెట్టినచో, గణతంత్రములో ఒక కులీనవర్గము పుట్టునని. దేశమును రక్షించువాడు జీతగాడైన సైనికుడు గాక, తన పొలమును తన వృత్తిని విడువకయే శిక్షణ పొందిన పౌరుడు కావలెనని అతని విశ్వాసము. కాని ఆ వాదమును పదమూడేండ్ల కోపము మింగివేసినది. థేయర్‌పై పగ లేనివాడు అదే మాట చెప్పియుండిన దేశము వినియుండునేమో. మరియు, తాను స్థాపించిన విశ్వవిద్యాలయపు ధర్మకర్తలతోను, తన శిష్యుడే యైన ట్రూమన్ రాన్సమ్‌తోను అతడు కలహించి 1843లో విడిపోయిన వృత్తాంతమును చదువునపుడు, వెస్ట్ పాయింట్ ఆచార్యులు చెప్పినదంతయు కల్పనకాదని ఒప్పుకొనక తప్పదు. ఆ రాన్సమ్ 1847లో మెక్సికో యుద్ధమున, చాపుల్తెపెక్ కోటపై దాడిలో, తన దళమునకు ముందు నడచుచు మరణించెను. గురువు ఎన్నడును చూడని యుద్ధరంగమున శిష్యుడు ప్రాణమిచ్చెను.

విడిపోయిన పిదప పార్ట్రిడ్జ్ వెర్మాంట్‌ను దాటి పెన్సిల్వేనియా, డెలావేర్ మొదలైన రాష్ట్రములలో చిన్నచిన్న సైనికపాఠశాలలను నెలకొల్పుచు పోయెను. వానిలో నిలిచినవి తక్కువ. 1853లో, అరువదియెనిమిదవ యేట, డెలావేర్‌లో మరియొకటి తెరచెను. 1854 జనవరి 17వ తేదీన నార్విచ్‌లో మరణించెను. 1866లో అగ్నిప్రమాదమున విద్యార్థుల వసతిభవనము కాలిపోగా విశ్వవిద్యాలయము నార్త్‌ఫీల్డ్‌కు తరలెను. నదికి ఆవలియొడ్డున హానోవర్‌లో, ఆ మరుసటి సంవత్సరమే, థేయర్ ఇచ్చిన ధనముతో డార్ట్‌మత్ కళాశాలకు ఇంజనీరింగు విద్యాలయము ఏర్పడినది. పార్ట్రిడ్జ్ పుట్టిన యూరినుండి చూచిన, వంతెన దాటినంత దూరము.

అతని కాగితములలో తేదీనిబట్టి చివరిది కాకపోయినను ఫలమునుబట్టి అన్నిటికంటె దూరము పోయినది 1841లో అమెరికా కాంగ్రెసునకు అతడు సమర్పించిన మహజరు. అందులోని కోరిక యిది. ప్రభుత్వ భూముల విక్రయమువలన వచ్చు ధనమును, కాంగ్రెసులో ఆయా రాష్ట్రములకుగల ప్రాతినిధ్యమునుబట్టి పంచియిచ్చి, ప్రతి రాష్ట్రములోను శాస్త్రములు, సేద్యము, ఇంజనీరింగు, సైనికవిద్య కలిపి నేర్పు విద్యాలయములను పోషింపవలెను. కాంగ్రెసు ఆ విన్నపమును ప్రక్కనబెట్టెను. ఇరువదియొక యేండ్ల పిదప, అంతర్యుద్ధము జరుగుచుండగా, 1862 జూలై 2వ తేదీన లింకన్ సంతకము చేసిన చట్టము, కాంగ్రెసులో ఒక్కొక్క సభ్యునికి ముప్పదివేల ఎకరముల చొప్పున రాష్ట్రములకు భూములనిచ్చి, సేద్యమును, యంత్రవిద్యను నేర్పు కళాశాలలను స్థాపింపజేసెను. వానిలో సైనికశిక్షణ కూడ ఉండవలెనని నియమించెను. ఆ చట్టమును తెచ్చినవాడు జస్టిన్ మోరిల్. అతడు వెర్మాంట్ వాడు. కళాశాల ముఖము చూడని దుకాణదారు. అతని యూరు స్ట్రాఫర్డ్, నార్విచ్‌కు కొలదిమైళ్ళ దూరమున నున్నది. మోరిల్ ఈ మహజరునుండియే నేర్చుకొనెనని నేను వాదింపను. సేద్యపు కళాశాలలు కావలెనని ఆ కాలమున కోరినవారు పెక్కురు. కాని సేద్యము, ఇంజనీరింగు, కవాతు అను మూడింటిని ఒకే కప్పుక్రింద చేర్చిన ఆ విచిత్రమైన కూర్పు, ప్రాతినిధ్యమునుబట్టి పంచుటయను పద్ధతి, ఈ రెండును రెండు పత్రములలోను ఉండుటను, ప్రక్కప్రక్కన పెట్టి చదువువారు ఎవరికి వారే చూచుకొనవచ్చును.

ఆ చట్టము ననుసరించి వెలసిన తొలికళాశాలలలో ఒకటి 1863లో కాన్సాస్ రాష్ట్రమున ఏర్పడినది. ఒక నూరేండ్ల తరువాత, ఆ కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యులు మన దేశమునకు వచ్చి, బోధన, పరిశోధన, రైతులకు విస్తరణసేవ అను మూడింటిని ఒక్క సంస్థలో చేర్చు తమ పద్ధతిని మనవారితో కలిసి ఇచ్చట నాటుటకు పాటుపడిరి. 1964 జూన్ 12వ తేదీన రాజేంద్రనగరమున ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపితమైనది; అంతకుముందే యున్న బాపట్ల వ్యవసాయ కళాశాలయు, తిరుపతి పశువైద్య కళాశాలయు దానిలో చేరినవి. పుస్తకముతోపాటు పొలమును చూపవలెననియు, నేర్చినదానిని రైతు గడపవరకు తీసికొనిపోవలెననియు అనుకొన్న ఆ సంస్థలో చదివినవారు ఈ సభలోను కొందరుండవచ్చును. కవాతు మాత్రము మనవారు ఆ విశ్వవిద్యాలయపు ఆశయములలో చేర్చలేదు. అది జాతీయ విద్యార్థిదళమునకు విడిచిపెట్టబడెను.

పార్ట్రిడ్జ్ కాగితములను చదువునపుడు నాకు పదేపదే తోచినది, ఆ కాగితములలో ఏది ముఖ్యమో పార్ట్రిడ్జ్‌కే తెలియదని. న్యాయస్థానపు పత్రములే తన్ను రక్షించునని అతడనుకొనియుండును. వానిని నేడు ఓపికగల చరిత్రకారుడు మాత్రమే చదువును. కొండల పట్టికలును, బూట్ల లెక్కలును, తండ్రుల జాబులును అతని బోధనను మనకందిచ్చినవి; త్రోసివేయబడిన మహజరు అతని యూహను మనకందిచ్చినది. అతని కుటుంబమువారుగాని, గ్రంథాలయమువారుగాని, గౌరవప్రదముగా నున్నవానిని మాత్రము ఏరి దాచి మిగిలినది తగులబెట్టియుండిన, మనకు మిగులువాడు తిరుగుబాటుదారుడైన కెప్టెన్ మాత్రమే.

బాపట్లలోను, తిరుపతిలోను, రాజేంద్రనగరములోను ఆనాడు బోధించిన ఆచార్యుల యిండ్లలో పొలముగట్లపై వ్రాసికొన్న పుస్తకములు, వానలెక్కలు, విత్తనపు సంచులకు కట్టిన చీటీలు, పరదేశపు ఆచార్యులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములు ఇంకను ఉండియుండును. అట్టి కుటుంబములవారు ఈ సభలో నుండినయెడల నాది యొక్కటే మనవి. వానిని గ్రంథాలయమునకు అప్పగించునపుడు ఏవి పనికివచ్చునో ఏవి పనికిరావో ముందుగా మీరే నిర్ణయింపకుడు. ఏ పెట్టెలో ఏ వరుసలో నున్నవో ఆ వరుసను చెదరగొట్టకుడు. ఏ యింట, ఏ గదిలో, ఎవరి చేతినుండి దొరకినవో ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, పచారీ చీటీలతో సహ కట్టలు విప్పకయే ఇండు.